సర్వర్ దగ్గర సేవ్ అయ్యే ఫైల్ నెట్‌వర్క్‌లో ఎందుకు సేవ్ కాదు?

అకౌంట్స్ విభాగంలో ఒకరికి సర్వర్‌లోని ఒక ఫోల్డర్‌లో ఫైళ్లు మార్చే వీలు కావాలి. అడ్మిన్ ఆ ఫోల్డర్ ప్రాపర్టీస్ తెరిచి, సెక్యూరిటీ ట్యాబ్‌లో ఆ ఉద్యోగి పేరు చేర్చి, మోడిఫై (మార్చే, చెరిపే హక్కు) ఎదురుగా టిక్ పెట్టారు. ఉద్యోగి తన సీటు దగ్గర ఫైల్ తెరిచి, ఒక అంకె మార్చి, సేవ్ నొక్కారు. ‘యాక్సెస్ డినైడ్’ అని వచ్చింది. అడ్మిన్ మళ్లీ వెళ్లి చూస్తే టిక్ పెట్టింది పెట్టినట్టే ఉంది. అదే ఉద్యోగి లాగిన్‌తో సర్వర్ మీదే ప్రయత్నిస్తే ఫైల్ శుభ్రంగా సేవ్ అయింది. ఈలోగా పని ఆగిపోయి ఫోన్లు మొదలవుతాయి. ఆ టెన్షన్‌లో చాలామంది చేసే తర్వాతి పని, అదే సెక్యూరిటీ ట్యాబ్‌లో ఎవ్రీవన్‌కు, అంటే అందరికీ, ఫుల్ కంట్రోల్ ఇచ్చేయడం. అప్పటికీ ఫైల్ సేవ్ కాదు.

అడ్డు ఆ ట్యాబ్‌లో లేదు, పక్కనున్న షేరింగ్ ట్యాబ్‌లో ఉంది. విండోస్‌లో నెట్‌వర్క్ మీద పంచుకున్న ఫోల్డర్‌కు రెండు రకాల పర్మిషన్లు ఉంటాయి. ఒకటి షేర్ పర్మిషన్, అంటే నెట్‌వర్క్ మీద నుంచి ఆ ఫోల్డర్‌లోకి వచ్చేవారికి వర్తించేది. రెండోది ఎన్‌టీఎఫ్‌ఎస్ పర్మిషన్, అంటే డిస్క్‌లోని ఫైల్ సిస్టమ్ ప్రతి ఫైల్‌కూ, ప్రతి ఫోల్డర్‌కూ రాసి పెట్టుకునేది. విండోస్ సర్వర్ 2003 నుంచి కొత్తగా షేర్ చేసిన ఫోల్డర్‌కు ఎవ్రీవన్ గ్రూప్‌కు రీడ్ మాత్రమే దానంతటదే వస్తుంది. అంతకుముందు విండోస్ 2000 వరకూ ఎవ్రీవన్‌కు ఫుల్ కంట్రోల్ వచ్చేది. భద్రత కోసం చేసిన ఈ మంచి మార్పు తెలియకపోతే, పైన చెప్పిన అకౌంట్స్ ఉద్యోగి కథ ప్రతి ఆఫీసులోనూ జరుగుతుంది.

ఈ రెండింటినీ ఒకే తాళానికి రెండు తాళంచెవులు అనుకుంటే లెక్క తప్పుతుంది. ఒకదాని మీద ఒకటి పెట్టిన రెండు జల్లెడలు అనుకోవాలి. పై జల్లెడ షేర్‌ది, కింది జల్లెడ ఫైల్ సిస్టమ్‌ది. రెండింటిలోంచీ జారి కిందపడేదే చివరికి మనిషి చేతికి అందుతుంది. నెట్‌వర్క్ మీద నుంచి వచ్చేవారికి రెండు జల్లెడలూ ఉంటాయి. సర్వర్ ముందు కూర్చున్నవారికి కింది జల్లెడ ఒక్కటే. రిమోట్ డెస్క్‌టాప్‌లో లాగిన్ అయినవారు కూడా సర్వర్ ముందు కూర్చున్నవారి కిందే లెక్క. వాళ్లు డి డ్రైవ్ తెరిచి నేరుగా ఫోల్డర్‌లోకి వెళితే షేర్ పర్మిషన్‌ను అసలు ఎవరూ అడగరు. రిమోట్ డెస్క్‌టాప్‌లో ఉంటూనే షేర్ పేరుతో ఉన్న నెట్‌వర్క్ దారిలో వెళితే మాత్రం పై జల్లెడ మళ్లీ అడ్డొస్తుంది. అంటే మనిషి ఎక్కడ కూర్చున్నాడన్నది కాదు, ఏ దారిలో ఫైల్ దగ్గరికి వచ్చాడన్నదే ముఖ్యం.

రెండు ఎందుకు వచ్చాయి

ఒకటి సరిపోదా అన్న ప్రశ్న సహజం. పాత ఫ్యాట్ ఫైల్ సిస్టమ్‌లో ఫైల్‌కు ఓనర్ అనే భావనే లేదు, ఎవరికి ఏ హక్కు ఉందో రాసుకునే చోటూ లేదు. అలాంటి డిస్క్‌ను నెట్‌వర్క్‌లో పంచుకోవాలంటే కాపలా షేర్ దగ్గరే ఉండాలి. 1993లో విండోస్ ఎన్‌టీ 3.1తో పాటు ఎన్‌టీఎఫ్‌ఎస్ వచ్చాక ప్రతి ఫైల్‌కూ విడిగా పర్మిషన్ రాసే వీలు కలిగింది. అయినా షేర్ దగ్గరి కాపలాను తీసేయలేదు. ఇప్పటికీ ఫ్యాట్32, ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్‌లో ఉన్న పెన్‌డ్రైవ్‌నో ఎక్స్‌టర్నల్ డిస్క్‌నో షేర్ చేస్తే కింది జల్లెడ ఉండదు. షేర్‌లో ఛేంజ్ (మార్చే హక్కు) ఇచ్చినవాళ్లందరూ అందులోని ప్రతి ఫైల్‌నూ చెరిపేయగలరు.

ఈ రెండూ నిల్వ ఉండే చోట్లు కూడా వేరు. ఎన్‌టీఎఫ్‌ఎస్ పర్మిషన్లు డిస్క్‌లోనే, ఫైళ్లతోనే ఉంటాయి. షేర్ పేర్లు, వాటి పర్మిషన్లు సర్వర్ రిజిస్ట్రీలో, అంటే విండోస్ తన సెట్టింగ్‌లు దాచుకునే చోట ఉంటాయి. అందుకే పాడైన సర్వర్ నుంచి డిస్క్ తీసి కొత్త సర్వర్‌లో పెడితే ఫైళ్లు, వాటి పర్మిషన్లు వస్తాయి గానీ ఒక్క షేర్ కూడా కనిపించదు. వచ్చిన పర్మిషన్లలోనూ ఒక చిక్కు ఉంది. విండోస్ పర్మిషన్‌ను మనిషి పేరుతో రాయదు, ఎస్ఐడీ అనే పొడవాటి నంబర్‌తో రాస్తుంది. పాత సర్వర్‌లోనే సృష్టించిన లోకల్ గ్రూపులు కొత్త సర్వర్‌కు తెలియవు కాబట్టి సెక్యూరిటీ ట్యాబ్‌లో పేర్ల బదులు అంకెల వరస కనిపిస్తుంది. డొమైన్ గ్రూపులతో, అంటే ఆఫీసు నెట్‌వర్క్ మొత్తానికీ ఒకేచోట సృష్టించిన గ్రూపులతో రాసిన పర్మిషన్లకు ఈ బాధ ఉండదు.

ఒక జల్లెడలో కూడిక, రెండింటి మధ్య కోత

షేర్ పర్మిషన్లు మూడే: రీడ్, ఛేంజ్, ఫుల్ కంట్రోల్. ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఫోల్డర్‌కు ప్రాథమికంగా ఆరు ఉంటాయి, అడ్వాన్స్‌డ్‌లోకి వెళితే ఇంకా సన్నగా విడదీయవచ్చు. పేర్లు వేరైనా షేర్‌లోని రీడ్ అంటే ఎన్‌టీఎఫ్‌ఎస్‌లోని రీడ్ అండ్ ఎగ్జిక్యూట్‌తో సమానం, ఛేంజ్ అంటే మోడిఫైతో సమానం. ఇది గుర్తుంటే సగం గందరగోళం పోతుంది.

ఇక లెక్క. ఒకే జల్లెడలో ఒక మనిషికి ఎన్ని వైపుల నుంచి పర్మిషన్లు వచ్చినా అవన్నీ కలుస్తాయి. అకౌంట్స్ గ్రూప్‌కు రీడ్, ఆడిట్ గ్రూప్‌కు మోడిఫై ఉంటే, రెండు గ్రూపుల్లోనూ ఉన్నవారికి మోడిఫై దక్కుతుంది. ముందు షేర్ వైపు ఇలా కూడాలి. తర్వాత ఎన్‌టీఎఫ్‌ఎస్ వైపు విడిగా కూడాలి. ఆ తర్వాతే రెండు మొత్తాలనూ ఎదురెదురుగా పెట్టి, రెండింటిలోనూ ఉన్నది మాత్రమే ఉంచుకోవాలి.

ఈ వరస తారుమారైతే జవాబు తప్పుతుంది. ఒక ఉదాహరణ చూడాలి. షేర్‌లో అకౌంట్స్ గ్రూప్‌కు రీడ్, ఆడిట్ గ్రూప్‌కు ఛేంజ్ ఉంది. ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో తిరగబడి అకౌంట్స్‌కు మోడిఫై, ఆడిట్‌కు రీడ్ ఉంది. రెండు గ్రూపుల్లోనూ ఉన్న మనిషి నెట్‌వర్క్‌లో ఏం చేయగలడు? చాలామంది గ్రూప్‌వారీగా లెక్క వేస్తారు. అకౌంట్స్ ద్వారా రీడ్, మోడిఫై, వీటిలో చిన్నది రీడ్. ఆడిట్ ద్వారా ఛేంజ్, రీడ్, వీటిలోనూ చిన్నది రీడ్. కాబట్టి రీడ్ అంటారు. అది తప్పు. షేర్ వైపు మొత్తం ఛేంజ్, ఎన్‌టీఎఫ్‌ఎస్ వైపు మొత్తం మోడిఫై. రెండూ సమానం. ఆ మనిషి ఫైళ్లు మార్చగలడు, చెరిపేయగలడు కూడా. ఏ గ్రూప్‌నూ విడిగా చూస్తే కనిపించని హక్కు, రెండు గ్రూపుల్లోనూ ఉన్న మనిషికి దక్కింది. ఎవరికి ఏమి అందుతుందో సరిచూసే ఆడిట్లలో ఇలాంటివే తప్పించుకుంటాయి.

‘రెండింటిలో తక్కువది చెల్లుతుంది’ అని నేర్చుకునే సూత్రం కూడా పూర్తిగా సరైనది కాదు. రీడ్, ఛేంజ్, ఫుల్ కంట్రోల్ లాంటివి మెట్ల వరసలా ఉంటాయి కాబట్టి వాటి మధ్య ఆ సూత్రం పనిచేస్తుంది. ఒకే మెట్ల మీద లేని పర్మిషన్లు ఎదురైతే పనిచేయదు. ఉద్యోగులు ఫైళ్లు వేయగలగాలి కానీ లోపల ఉన్నవి చూడకూడదు అనుకుని ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో రైట్ (రాసే హక్కు) ఒక్కటే ఇచ్చి, షేర్‌లో రీడ్ అలాగే ఉంచేశారనుకుందాం. రీడ్‌కూ రైట్‌కూ మధ్య తక్కువది ఏది? ఏదీ కాదు. రెండింటికీ ఉమ్మడిగా ఉన్నది తీస్తే, పర్మిషన్ల జాబితా చూడటం లాంటి చిల్లర హక్కులు తప్ప ఏమీ మిగలదు. ఫైల్ చదవలేరు, వేయలేరు. అందుకే జల్లెడ అన్న మాట ఇక్కడ సరిగ్గా అతుకుతుంది. రెండు జల్లెడల రంధ్రాలు ఒకదాని కింద ఒకటి కలిసినచోట మాత్రమే గింజ జారుతుంది.

మోడిఫై ఇవ్వకుండా చదవడం, రాయడం రెండే ఇచ్చి, చెరిపే హక్కు మాత్రం తీసేయాలని చూసేవారికి ఇంకో చిక్కు ఎదురవుతుంది. వర్డ్, ఎక్సెల్ లాంటి ప్రోగ్రాములు సేవ్ చేసేటప్పుడు అదే ఫైల్‌లో తిరగరాయవు. కొత్త తాత్కాలిక ఫైల్ రాసి, పాతదాన్ని తొలగించి, కొత్తదానికి పాత పేరు పెడతాయి. చెరిపే హక్కు లేకపోతే సేవ్ మధ్యలో ఆగిపోతుంది, ఫోల్డర్‌లో విచిత్రమైన పేర్లతో తాత్కాలిక ఫైళ్లు మిగిలిపోతాయి. నోట్‌ప్యాడ్‌తో పరీక్షించినప్పుడు అంతా బాగానే ఉంటుంది, ఎక్సెల్‌తో పనిచేయదు.

డినై ఎప్పుడూ గెలుస్తుందా

అలౌ అంటే ఒక హక్కు ఇస్తున్నామని రాయడం, డినై అంటే ఇవ్వబోమని రాయడం. రెండూ ఎదురైతే డినైయే గెలుస్తుందని అందరూ చెబుతారు. సగం నిజం. విండోస్ ఒక ఫైల్ పర్మిషన్లను ఒక వరసలో చూస్తుంది. ఆ ఫైల్ మీద నేరుగా రాసిన డినై మొదట, నేరుగా రాసిన అలౌ తర్వాత, పై ఫోల్డర్ నుంచి వారసత్వంగా వచ్చిన డినై ఆ తర్వాత, వారసత్వంగా వచ్చిన అలౌ చివర. అడిగిన హక్కులన్నీ దొరికినా, ఏదో ఒకటి నిరాకరణకు గురైనా అక్కడితో చూడటం ఆపేస్తుంది. కాబట్టి పై ఫోల్డర్‌లో ఒక గ్రూప్‌కు డినై పెట్టినా, లోపలి ఫైల్ మీద అదే గ్రూప్‌కు నేరుగా అలౌ ఉంటే ఆ ఫైల్ తెరుచుకుంటుంది. జీతాల ఫోల్డర్‌కు పైన డినై పెట్టేశాం, ఇక నిశ్చింత అనుకునేవారు దీన్ని తప్పక గుర్తుంచుకోవాలి.

షేర్ వైపు వారసత్వం అనేదే లేదు. షేర్‌కు ఒకే జాబితా, అది లోపలున్న ప్రతి ఫైల్‌కూ ఒకేలా వర్తిస్తుంది. అక్కడ డినై పెడితే లోపల ఎంత లోతులో ఏ అలౌ రాసినా నెట్‌వర్క్ మీద ఫలితం ఉండదు. ఆ మొండితనం వల్లే షేర్‌లో డినై వాడటం దాదాపు ఎప్పుడూ పొరపాటే అవుతుంది. ఒకరికి ఒక సబ్‌ఫోల్డర్ మాత్రం తెరవాల్సి వచ్చిన రోజున ఆ షేర్ మొత్తాన్నీ తిరిగి కట్టుకోవాలి. నిజానికి ఎన్‌టీఎఫ్‌ఎస్‌లోనూ డినై అవసరం చాలా అరుదు. ఇవ్వకపోతే చాలు, లేనట్టే. ఇచ్చిన గ్రూప్‌లోంచి ఒకరిని మినహాయించడానికి డినై వాడుతున్నారంటే, ఆ గ్రూప్‌ను తప్పుగా కట్టారని అర్థం.

ఒకే ఫైల్‌కు రెండు దారులు

ఒక ఫోల్డర్‌ను ఒకే పేరుతో షేర్ చేయాలన్న నియమం లేదు. డి డ్రైవ్‌లోని డేటా ఫోల్డర్‌ను ‘డేటా’ పేరుతో అందరికీ రీడ్ ఇచ్చి షేర్ చేశారు. కొన్నాళ్లకు దాని లోపలి అకౌంట్స్ ఫోల్డర్‌ను ‘అకౌంట్స్’ పేరుతో ఛేంజ్ ఇచ్చి విడిగా షేర్ చేశారు. ఇప్పుడు ఒకే ఫైల్‌కు రెండు దారులున్నాయి. ‘డేటా’ షేర్‌లోంచి లోపలికి నడిచి వచ్చినవారు ఆ ఫైల్ చదవగలరు, మార్చలేరు. అదే మనిషి, అదే కంప్యూటర్ నుంచి ‘అకౌంట్స్’ షేర్‌లోంచి వస్తే మార్చగలడు. వచ్చిన దారి తాలూకు షేర్ పర్మిషన్ మాత్రమే లెక్కలోకి వస్తుంది. ఆ ఫోల్డర్ మీద ఇంకెన్ని షేర్లున్నా సర్వర్ చూడదు.

‘నిన్న పనిచేసింది, ఇవాళ పనిచేయట్లేదు’ అనే ఫిర్యాదుల్లో చాలా వాటి మూలం ఇదే. ఎవరో పాత షార్ట్‌కట్ తీసేసి కొత్త డ్రైవ్ మ్యాప్ చేస్తారు, అది వేరే షేర్‌కు వెళ్తుంది. ఫోల్డర్ అదే, ఫైళ్లు అవే, పర్మిషన్లు ఎవరూ ముట్టుకోలేదు. దారి మారింది.

అడ్మిన్‌లు తమ పరీక్షల్లో మోసపోయేది కూడా ఇక్కడే. విండోస్ ప్రతి డ్రైవ్‌కూ డాలర్ గుర్తుతో ముగిసే ఒక దాచిన షేర్‌ను దానంతట అదే పెడుతుంది. దాన్ని తెరవగలిగేది ప్రధానంగా అడ్మినిస్ట్రేటర్లే. అడ్మిన్ తన సీటు నుంచి డి-డాలర్ దారిలో వెళ్లి ఫైల్ మార్చి చూసి, నెట్‌వర్క్‌లో బాగానే పనిచేస్తోందని తేల్చేస్తారు. ఆయన వెళ్లిన దారి ఉద్యోగి దారి కాదు. ఆ పరీక్ష ఏమీ రుజువు చేయదు. ఇంకో మాట, మామూలు షేర్‌లో అడ్మినిస్ట్రేటర్లకు ప్రత్యేక గౌరవం ఏమీ లేదు. షేర్‌లో ఎవ్రీవన్‌కు రీడ్ ఒక్కటే ఉంటే అడ్మిన్‌కూ ఆ దారిలో రీడే.

ఓనర్ చేతిలో ఉండే హక్కు

షేర్ పర్మిషన్ ఎంత ఉంచాలన్న విషయంలో రెండు అలవాట్లు కనిపిస్తాయి. షేర్‌లో ఎవ్రీవన్‌కు ఫుల్ కంట్రోల్ ఇచ్చేసి, అసలు కాపలా అంతా ఎన్‌టీఎఫ్‌ఎస్‌కు వదిలేయడం ఒకటి. ఫుల్ కంట్రోల్ కాకుండా ఛేంజ్ వరకే ఇచ్చి, అడ్మినిస్ట్రేటర్లకు మాత్రం ఫుల్ ఇవ్వడం రెండోది. మొదటిది తప్పేమీ కాదు. ఎన్‌టీఎఫ్‌ఎస్ జాగ్రత్తగా రాసి ఉంటే చదవలేనివారు చదవలేరు, మార్చలేనివారు మార్చలేరు. విండోస్‌లోని సులభ షేరింగ్ విజార్డ్ కూడా విస్టా కాలం నుంచి దాదాపు ఇదే చేస్తోంది. షేర్‌ను బార్లా తెరిచి, ఎంచుకున్నవారి పేర్లను ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో రాస్తుంది.

అయినా రెండోదే మంచిది. దానికి గట్టి కారణం ఉంది. ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఫైల్ సృష్టించినవారే దానికి ఓనర్ అవుతారు. ఓనర్‌కు మోడిఫై మాత్రమే ఉన్నా, ఆ ఫైల్ పర్మిషన్లను మార్చే హక్కు ఎవరూ ఇవ్వకుండానే ఉంటుంది. అంటే మామూలు ఉద్యోగి కూడా తను సృష్టించిన ఫైల్‌ను ఎవరికి కావాలంటే వారికి తెరవగలడు, అడ్మిన్‌కూ బ్యాకప్ అకౌంట్‌కూ మూసేయగలడు. షేర్‌లో ఫుల్ కంట్రోల్ ఉంటే ఆ హక్కు నెట్‌వర్క్ మీదా సాగుతుంది. షేర్‌లో ఛేంజ్ మాత్రమే ఉంటే పర్మిషన్లు మార్చే హక్కు పై జల్లెడలోనే ఆగిపోతుంది, ఓనర్ అయినా సరే. షేర్ పర్మిషన్ నిజంగా ఉపయోగపడే చోటు ఇదే. విండోస్ విస్టా, సర్వర్ 2008 నుంచి ఓనర్ రైట్స్ అనే ప్రత్యేక పేరుతో ఎన్‌టీఎఫ్‌ఎస్‌లోనే ఓనర్ హక్కును కత్తిరించే వీలు వచ్చింది. కానీ దాన్ని వాడేవారు తక్కువ. షేర్‌లో ఒక్క టిక్ తీసేస్తే అదే పని అయిపోతుంది.

షేర్ పర్మిషన్‌ను బిగించడం న్యాయమయ్యే సందర్భాలూ లేకపోలేదు. సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ ఫైళ్లు ఉంచే షేర్‌ను నెట్‌వర్క్ మీద నుంచి ఎవరూ మార్చనక్కర్లేదు. దానికి షేర్‌లోనే రీడ్ పెట్టేస్తే, రేపు ఎవరైనా పొరపాటున ఎన్‌టీఎఫ్‌ఎస్‌ను వదులు చేసినా, ఏదో కంప్యూటర్‌లో దూరిన రాన్సమ్‌వేర్ ఆ ఫైళ్లను ముట్టుకోలేదు. కొత్త ఫైళ్లు వేయాలంటే అడ్మిన్ సర్వర్ మీద నుంచి వేసుకుంటారు.

ఎప్పుడు చూస్తారు, ఎక్కడ మరిచిపోతారు

షేర్ దగ్గరి తనిఖీ ఆ షేర్‌కు కనెక్ట్ అయ్యేటప్పుడే మొదలవుతుంది. ఎన్‌టీఎఫ్‌ఎస్ తనిఖీ ఒక్కో ఫైల్ తెరిచేటప్పుడు జరుగుతుంది. తెరిచిన ఫైల్‌కు ఆ క్షణంలో దొరికిన హక్కులు, మూసేదాకా అలాగే ఉంటాయి. మధ్యలో పర్మిషన్ తీసేసినా అప్పటికే తెరిచి కూర్చున్నవారికి తగలదు. ఇక గ్రూప్ సభ్యత్వం లాగిన్ సమయంలోనే మనిషి టోకెన్‌లో, అంటే విండోస్ ఆ లాగిన్‌కు ఇచ్చే గుర్తింపు చీటీలో చేరుతుంది. మధ్యాహ్నం గ్రూప్‌లో చేర్చి, ‘ఇప్పుడు చూడండి’ అంటే చూడటానికేమీ ఉండదు. లాగ్ ఆఫ్ అయి మళ్లీ లాగిన్ అవ్వాలి. ఈ చిన్న విషయం తెలియక, సరిగ్గా ఇచ్చిన పర్మిషన్‌ను కూడా పనిచేయలేదనుకుని ఇంకా ఇంకా తెరుచుకుంటూ పోయిన సర్వర్లు ఎన్నో ఉన్నాయి.

కాపీ, మూవ్ విషయం కూడా ఇక్కడే చెప్పాలి. ఫైల్‌ను కాపీ చేస్తే అది కొత్తగా పుట్టినట్టే, చేరిన ఫోల్డర్ పర్మిషన్లు దానికి వస్తాయి. అదే డ్రైవ్‌లో ఒకచోటి నుంచి మరోచోటికి మూవ్ చేస్తే మాత్రం మామూలుగా పాత పర్మిషన్లు వెంట వస్తాయి. వేరే డ్రైవ్‌కు మూవ్ చేయడమంటే కాపీ చేసి చెరిపేయడమే కాబట్టి కాపీ నియమమే వర్తిస్తుంది. డైరెక్టర్ ఫోల్డర్ నుంచి అందరి ఫోల్డర్‌కు లాగి వేసిన ఫైల్ ఎవరికీ తెరుచుకోకపోతే, షేర్‌నో సర్వర్‌నో అనుమానించే ముందు ఆ ఫైల్ ఎలా వచ్చిందో అడగాలి.

లోపలి ఫోల్డర్‌కు పర్మిషన్ ఉండి, దాని పై ఫోల్డర్‌కు లేకపోతే? పూర్తి దారి టైప్ చేస్తే తెరుచుకుంటుంది. దారి మధ్యలోని ఫోల్డర్ల పర్మిషన్లను పట్టించుకోకుండా దాటిపోయే హక్కును విండోస్ అందరికీ ముందే ఇచ్చి ఉంచుతుంది. క్లిక్ చేసుకుంటూ వెళ్లేవారు మాత్రం మధ్యలో ఆగిపోతారు. పర్మిషన్ లేని ఫోల్డర్ల పేర్లు కూడా కనిపించకుండా చేసే సౌకర్యం, యాక్సెస్ బేస్డ్ ఎన్యూమరేషన్, విండోస్ సర్వర్ 2003 సర్వీస్ ప్యాక్ 1తో వచ్చింది. అది షేర్ మీద పెట్టే సెట్టింగే అయినా, ఏది దాచాలో నిర్ణయించేది ఎన్‌టీఎఫ్‌ఎస్ పర్మిషన్.

లినక్స్ వైపు

రెండు జల్లెడల లెక్క విండోస్‌కే పరిమితం కాదు. లినక్స్ సర్వర్ మీద విండోస్ కంప్యూటర్లకు ఫోల్డర్లు పంచే సాంబాను ఆండ్రూ ట్రిడ్జెల్ 1990ల మొదట్లో మొదలుపెట్టారు. అందులో షేర్ నియమాలు ఒక కాన్ఫిగరేషన్ ఫైల్‌లో ఉంటాయి. ఏమీ రాయకపోతే షేర్ రీడ్ ఓన్లీగానే ఉంటుంది. రైట్ ఇచ్చాక కూడా, లినక్స్ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) ఆ యూజర్‌కు ఫైల్ మీద ఏ హక్కు ఇస్తుందో అంతకుమించి సాంబా ఇవ్వలేదు. ఫోర్స్ యూజర్ అనే సెట్టింగ్ పెడితే మాత్రం కథ మారుతుంది. షేర్ దగ్గర ఒక పేరుతో తనిఖీ అయిన మనిషి, ఫైల్ సిస్టమ్ దగ్గర ఇంకొకరి పేరుతో నిలబడతాడు. అందరి ఫైళ్లూ ఒకే ఓనర్ కింద ఉండాలనుకున్నప్పుడు ఇది సుఖమే, కానీ ఎవరు ఏ ఫైల్ రాశారన్న ఆనవాలు డిస్క్‌లో మిగలదు.

విండోస్ నుంచి వచ్చినవారు ఇక్కడ జారిపడే చోటు ఇంకొకటి ఉంది. మామూలు లినక్స్ పర్మిషన్లలో కూడిక లేదు. ఓనర్, గ్రూప్, మిగతావారు అనే మూడు వరుసల్లో ముందు ఏది సరిపోతే అదే చివరిది. ఓనర్‌కు రీడ్, గ్రూప్‌కు రీడ్ రైట్ ఉంటే, ఆ గ్రూప్‌లో ఉన్న ఓనర్ కూడా రాయలేడు. చెరిపేయడం కూడా ఫైల్ పర్మిషన్ మీద కాక, అది ఉన్న డైరెక్టరీలో రాసే హక్కు మీద ఆధారపడుతుంది.

లినక్స్ లాంటి సిస్టమ్‌ల మధ్య ఫైళ్లు పంచుకోవడానికి సన్ మైక్రోసిస్టమ్స్ 1984లో తెచ్చిన ఎన్‌ఎఫ్‌ఎస్‌లో పై జల్లెడ ఇంకా వేరుగా ఉంటుంది. మామూలు పద్ధతిలో అది మనిషిని కాదు, ఏ కంప్యూటర్ నుంచి వచ్చారన్నదాన్ని చూస్తుంది. ఆ కంప్యూటర్ చెప్పిన యూజర్ నంబర్‌ను నమ్మి ఫైల్ సిస్టమ్‌కు అందిస్తుంది. ఒక మెషీన్‌లో 1001 నంబర్ ఒకరిది, ఇంకో మెషీన్‌లో అదే నంబర్ వేరొకరిది అయితే, ఒకరి ఫైళ్లు ఇంకొకరికి తెరుచుకుంటాయి. అన్ని హక్కులూ ఉండే రూట్ యూజర్‌ను మాత్రం మామూలుగా ఎవరూ కాని అకౌంట్‌గా మార్చేస్తుంది. ఈ పద్ధతిలో ఒక మనిషి తాలూకు 16 గ్రూపుల వరకే కబురులో పడతాయి. పదిహేడో గ్రూప్ ద్వారా రావాల్సిన హక్కు దారిలోనే రాలిపోతుంది.

అడ్డు ఎక్కడుందో పట్టుకోవడం

ముందు వచ్చిన ఎర్రర్ పర్మిషన్‌దేనా అని చూడాలి. ఎర్రర్ 5 అంటే యాక్సెస్ డినైడ్. ఎర్రర్ 53 అంటే సర్వర్ దారే దొరకలేదని, దానికి పర్మిషన్లతో సంబంధం లేదు. పర్మిషన్ సమస్యే అయితే ఒక్క పరీక్ష సగం తేల్చేస్తుంది. అదే యూజర్ లాగిన్‌తో సర్వర్ మీద నేరుగా ఆ ఫైల్‌ను తెరిచి, మార్చి చూడాలి. అక్కడా ఆగిపోతే ఎన్‌టీఎఫ్‌ఎస్ వైపు వెతకాలి. అక్కడ పనిచేసి నెట్‌వర్క్‌లో ఆగిపోతే, షేర్ వైపు. ఉద్యోగి నిజంగా ఏ షేర్ పేరుతో వస్తున్నారో ఆయన స్క్రీన్ మీదే చూసి రాసుకోవాలి, గుర్తు మీద ఆధారపడకూడదు. హూ-యామ్-ఐ కమాండ్‌కు గ్రూప్స్ అని జోడించి (whoami /groups) నడిపితే ప్రస్తుత లాగిన్‌లో ఉన్న గ్రూపులు కనిపిస్తాయి. గ్రూప్‌లో చేర్చినట్టు సర్వర్‌లో కనిపించి ఇక్కడ కనిపించకపోతే, లాగ్ ఆఫ్ కాలేదని అర్థం. అడ్వాన్స్‌డ్ సెక్యూరిటీలోని ఎఫెక్టివ్ పర్మిషన్స్ ట్యాబ్‌ను మాత్రం గుడ్డిగా నమ్మకూడదు. పాత విండోస్ సర్వర్లలో అది షేర్ పర్మిషన్‌ను లెక్కలోకే తీసుకోదు. మోడిఫై అని చూపిస్తూనే ఉంటుంది, ఉద్యోగికి మాత్రం సేవ్ కాదు.

మొదటి అకౌంట్స్ ఫోల్డర్ దగ్గరికి తిరిగి వస్తే, అక్కడ చేయాల్సిన మార్పు షేర్‌లో రీడ్‌ను ఛేంజ్‌గా మార్చడం. అయితే అది మొదట చేయకూడదు. టెన్షన్‌లో సెక్యూరిటీ ట్యాబ్‌లో ఎవ్రీవన్‌కు ఇచ్చిన ఫుల్ కంట్రోల్ ఇంకా అక్కడే ఉంది. ఇప్పటిదాకా నెట్‌వర్క్ నుంచి ఆ ఫైళ్లను ఎవరూ మార్చకుండా ఆపుతున్నది షేర్‌లోని ఆ రీడ్ ఒక్కటే. దాన్ని ముందు తెరిస్తే ఆ క్షణం నుంచి ఆఫీసులో ప్రతి ఒక్కరూ అకౌంట్స్ ఫైళ్లను మార్చగలరు, చెరపగలరు. చదివే దారి మాత్రం ఫుల్ కంట్రోల్ ఇచ్చిన రోజు నుంచే అందరికీ తెరిచి ఉంది. కాబట్టి ముందు ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఎవ్రీవన్‌ను తీసేయాలి, ఉద్యోగి పేరు బదులు అకౌంట్స్ గ్రూప్‌ను మోడిఫైతో చేర్చాలి, లోపలి ఫైళ్లకు అది పాకిందని చూసుకోవాలి. షేర్‌ను ఛేంజ్‌కు మార్చడం ఆ తర్వాత. ఉద్యోగిని లాగ్ ఆఫ్ చేసి రమ్మనడం అన్నిటికంటే చివర.